సూదిపని నమూనా – సాటివారి హక్కు

దొంగతనం అనగానే తాళం పగలగొట్టడం, జేబు కత్తిరించడం మన కళ్ళ ముందు మెదులుతాయి. వస్తువు యజమాని దగ్గరే ఉండగా జరిగే దొంగతనం కూడా ఒకటుంది. దాన్ని మనం పెద్దగా పట్టించుకోం.

మన సోదరీమణుల్లో ఎందరో జర్దోజీ, మగ్గం పనులతో కుటుంబానికి ఆసరాగా నిలుస్తున్నారు. బట్ట మీద సూది దిగకముందే తీగ ఎటు తిరగాలో, పువ్వు ఎక్కడ విచ్చుకోవాలో ఎవరో ఒకరు ఆలోచించి గీయాలి. ఆ గీతల వెంట కాగితానికి సన్నని రంధ్రాలు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి అద్దితే నమూనా బట్ట మీదికి దిగుతుంది. ఇదే ఖాకా. క్రాస్ స్టిచ్‌కైతే గళ్ళ కాగితంపై ఒక్కో గడికి ఒక్కో రంగు గుర్తు వేసి చార్టు తయారుచేస్తారు.

నమూనా అమ్ముకునే వ్యక్తికి ఒక్క కొనుగోలుతో కూలి గిట్టదు. పదిమంది, వందమంది కొనాలి. ఒకరు కొని, ఫొటో తీసి వందమందికి పంపితే కాగితం ఆమె దగ్గరే ఉంటుంది, కూలి మాత్రం పోతుంది. 2000లో అమెరికాలో క్రాస్ స్టిచ్ చార్టులను స్కాన్ చేసి ఇంటర్‌నెట్‌లో పంచుకుంటున్నప్పుడు రూపకర్తలు మొరపెట్టుకున్నది ఇదే. నేడు ఆ పని ఫోనులో ఒక్క వేలితో జరిగిపోతోంది.

“విద్యను పంచుకుంటే తప్పేమిటి?” అని కొందరు అడుగుతారు. కుట్టు నేర్పడం పుణ్యకార్యమే. మామిడిపిందె, తీగ, నెలవంక వంటి పాత ఆకృతులు అందరి సొత్తు. కాని వాటిని ఒకరు తన ఆలోచనతో కొత్తగా కూర్చిన నమూనా ఆమె శ్రమఫలం. ఈ విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. అయితే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్ సమావేశంలో గ్రంథకర్తల, ఆవిష్కర్తల హక్కులు ధర్మరీత్యా రక్షణ గలవనీ, వాటిని అతిక్రమించరాదనీ తీర్మానించింది. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నుంచే ఉంది.

“పేదరాలిని, కొనలేను” అనే సోదరి మాట నిజమే కావచ్చు. ఆమె అడిగి తీసుకోవచ్చు. అడిగితే ఉచితంగా ఇచ్చేవారూ ఉన్నారు. గీసిన ఆమె కూడా పేదరాలే కావచ్చు కదా!

నమాజు, ఉపవాసం, జకాత్‌లతో ప్రళయదినాన హాజరై, ఇతరుల సొమ్ము తిన్నందుకు ఆ పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు. దాసుల హక్కుల విషయంలో పశ్చాత్తాపం ఒక్కటే సరిపోదు. హక్కుదారుకు చెల్లించాలి, లేదా ఆమె మన్నించాలి. పేరైనా తెలియని ఆ రూపకర్తను మనం ఎక్కడ వెతికి క్షమాపణ అడుగుతాం?

కనుక, ఈసారి ఏదైనా నమూనా మీ ఫోనుకు వస్తే ముందుకు పంపేలోపు ఒక్క క్షణం ఆగండి. ఇది ఎవరి కష్టం, ఆమె అనుమతి ఉందా అని ప్రశ్నించుకోండి. అల్లాహ్ మనందరికీ సాటివారి హక్కులను కాపాడే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.