చిన్నదాన్ని ఎంతవరకు నమ్మాలి?

"చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలి" అని మన పెద్దలు అంటారు. చిన్నదని తేలికగా తీసుకోవద్దని దాని అర్థం. మరి మన ప్రాణాన్నే ఒక చిన్న వస్తువు మీద పెట్టాల్సి వస్తే? దాన్ని నమ్మాలా, అనుమానించాలా? పోయిన ఎండాకాలం సెలవుల నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

హైదరాబాద్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు బండలు ఎక్కుతాడు. ఒకరోజు నన్ను కూడా తీసుకుపోయాడు. అతని నడుముకు వేలాడే పరికరాల్లో "క్యామ్" అనేది ఒకటి ఉంది. అమెరికాకు చెందిన రే జార్డిన్ దీన్ని తయారు చేశాడు. 1978లో ఇది "ఫ్రెండ్స్" అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. మీట లాగితే దాని పళ్లు ముడుచుకుంటాయి. రాతి పగులులో పెట్టి వదిలితే స్ప్రింగు వల్ల విచ్చుకుంటాయి. ఎక్కేవాడు జారిపడితే తాడు దాన్ని లాగుతుంది. ఎంత గట్టిగా లాగితే పళ్లు రాతిని అంత గట్టిగా నొక్కి పట్టుకుంటాయి.

కానీ చిన్న క్యామ్‌ల సంగతి వేరు. వేలు మాత్రమే పట్టే పగుళ్లలో వాటిని పెడతారు. అవి విచ్చుకునేది కొన్ని మిల్లీమీటర్లే. కొంచెం పక్కకు జరిగినా పట్టు పోవచ్చు. పెద్దవి సుమారు 12 కిలోన్యూటన్ల బలాన్ని తట్టుకుంటే, బాగా చిన్నవి అందులో సగం దాకానే ఓర్చుకుంటాయి. పైగా, క్యామ్ కంటే 2 మీటర్లు పైకి వెళ్లి జారితే కనీసం 4 మీటర్లు కింద పడతాం. అందుకే తెలిసినవాళ్లు ఒకే చిన్నదాని మీద ఆధారపడరు, దగ్గర దగ్గరగా రెండు పెడతారు.

అన్న ఒక చిన్న క్యామ్‌ను నేల మీద నిలబడే పగులులో పెట్టి, "చూడు, మంచిగ కూసున్నదా?" అని అడిగాడు. నేను సరిగా చూడకుండానే "మంచిగుంది అన్నా" అన్నాను. పెద్దవాడు పెట్టాడు కదా, తప్పెందుకు ఉంటుంది అనుకున్నా. అన్న ఒక్క గుంజు గుంజాడు. అది ఊడి చేతికొచ్చింది. "నేను కావాలనే తప్పు పెట్టిన. నువ్వు చూసినవా, చూడలేదా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అతను పైన ఉండి అడిగి ఉంటే? నేను చూపించింది నమ్మకం కాదు, బద్ధకం. దానికి గౌరవం అని పేరు పెట్టుకున్నాను, అంతే.

ఇంటికి వచ్చాక ఇది బాపుకు చెప్పాను. మా బాపు బొగ్గుగనిలో పనిచేస్తాడు. షిఫ్టులో పని మొదలుపెట్టే ముందు పొడవాటి ఇనుప రాడ్‌తో పైకప్పును కొట్టి శబ్దం వింటారట. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు, డొల్ల శబ్దం వస్తే ప్రమాదం ఉన్నట్టు. "పోయిన షిఫ్టోళ్లు బోల్టులు కొట్టే ఉంటరు కద బాపూ, మళ్లీ చూస్తే వాళ్లను నమ్మనట్టే కాదా?" అని అడిగాను. బాపు నవ్వాడు. "వాళ్లను నమ్మక కాదు బిడ్డా. రాయి మారుతది" అన్నాడు.

ఆ మాటతో నాకు సగం జవాబు దొరికింది. పరీక్షించడం అవమానించడం కాదు. నిన్న నిజమైనది ఈరోజు మారి ఉండవచ్చు, అందుకే చూస్తాం.

అయితే ఇంకో సగం ఉంది. అన్నీ పరీక్షిస్తూనే కూర్చుంటే అడుగు పడేదెప్పుడు? బండ మీద నిలబడి అనుమానిస్తూ ఉంటే చేతులు అలిసిపోయి అక్కడే జారిపోతాం. 2014లో మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె మొదట శిక్షణ పొందింది భువనగిరి బండ మీద. 2018లో మా చంద్రపూర్ జిల్లా ఆశ్రమ పాఠశాలల గిరిజన విద్యార్థులు కూడా ఆ శిఖరం చేరారు. ఎవరెస్టు మీద ముందుగా షెర్పాలు తాళ్లు కడతారు. ఎవరో కట్టిన తాడును నమ్మకుండా అక్కడికి ఎవరూ పోలేరు. వాళ్లు ముందు నేర్చుకున్నారు, తర్వాత నమ్మి అడుగు వేశారు.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. చిన్నది అయినంత మాత్రాన అది చెడ్డది కాదు. దాని హద్దు తెలుసుకుని, సరైన చోట పెట్టి, తోడుగా ఇంకొకటి ఇస్తే అది ప్రాణం నిలబెడుతుంది. మాలాంటి పిల్లల విషయం కూడా అంతే. "చిన్నోళ్లు, వీళ్లకేం తెలుసు" అని పక్కన పెట్టొద్దు. అలాగని చూడకుండా మొత్తం బరువు మా మీద వేయొద్దు.

మేము కూడా ఒకటి నేర్చుకోవాలి. ఎవరైనా "చూడు, బాగుందా?" అని అడిగితే ముందు చూడాలి, తర్వాతే బాగుంది అనాలి. మన మాటను నమ్మి ఇంకొకరు పైకి ఎక్కుతారు కదా!