విత్తనపు ముల్లంగి

పెరటిలో ముల్లంగి పండించుట గొప్ప విద్య కాదు. మట్టిని మూరెడు లోతున త్రవ్వి, గడ్డలు చిదిపి, రాళ్లేరి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి, బోదెలు తీసి, వ్రేలి కణుపు లోతున గింజలు నాటి తడిపినచో నాలుగైదు దినములలో మొలకలు కానవచ్చును. ఒత్తుగా మొలచిన చోట కొన్నిటిని పీకి, మొక్కకు మొక్కకు బెత్తెడు ఎడము విడిచినచో వేరు ఊరుటకు చోటు దొరకును. రాయి తగిలిన వేరు రెండుగా చీలును. ఆకుల మీద పేనుబంక పట్టకుండ కనిపెట్టుచుండవలెను. నలువది యైదు, ఏబది దినములకు దుంప చేతికి వచ్చును. చిక్కబళ్లాపురములో గాని, బాగేపల్లిలో గాని, చింతామణిలో గాని పెరడు గల ఇంట ఈ మాత్రము తెలియనివారుండరు. చిక్కు పండించుటలో లేదు. పెరికిన పిదప వచ్చును.

పెరికిన దుంపలను కడిగి వసారాలో పరచినప్పుడు వానిలో ఒకటి రెండు తెల్లగా, నునుపుగా, చీలిక లేక, తక్కినవాని నడుమ పెండ్లికొడుకు వలె కూర్చుండును. చేయి ముందు దాని మీదికే పోవును. దానిని నేటి పులుసులో వేయవలెనా, వచ్చు ఏటి విత్తనమునకు విడువవలెనా? ఇది యక్షుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలంత గంభీరముగా కనబడకపోవచ్చును. అయినను దీనిని ధర్మప్రశ్న యనుటకు మేము జంకుట లేదు. ఉన్నదానిలో మేలైనది ఎవరిది, నేడు తినుచున్న మనదా, రేపు తినబోవు వారిదా, అనునదే ఇందలి ప్రశ్న.

మా ఇంట ఈ ప్రశ్నకు చాల కాలము సమాధానము చెప్పవలసిన పని లేకపోయెను. ఏలయనగా మేము దానిని అడుగుకొననే లేదు. మంచి దుంపలను మేము తింటిమి, చుట్టములకు పెట్టితిమి, పొరుగువారికి పంచితిమి. ఎవరికిని అక్కరలేక మడిలో మిగిలిన సన్నని వేరులు పూచి కాచినప్పుడు వాని గింజలను దులిపి డబ్బాలో పోసి దాచితిమి. ఎండిన గింజ నాలుగైదేండ్లు చెడక మొలకెత్తును గనుక మా పొదుపునకు మేమే మెచ్చుకొంటిమి. మూడేండ్లు గడచెను. దుంపలు నానాటికి సన్నగిల్లెను. కొన్ని వ్రేలంతయు ఊరక మునుపే పూవు తొడిగెను. మట్టిలో సారము పోయిన దంటిమి, బోరు నీటి ఉప్పదనమంటిమి, ఎండలంటిమి. మా అవ్వ అంతయు విని, “మంచిది మీరు తింటిరి, చెడ్డది మట్టికిస్తిరి. మట్టి మీకేం బాకీ?” అనెను.

ఆ మాటలోని శాస్త్రము మాకు తరువాత తెలిసినది. ముల్లంగి మడిలో అన్నిటికంటె ముందు పూచు మొక్క యొకటి యుండును. విత్తనము కావలసినవానికి అది సులభముగా లోబడును. ముందుగా పూచును, ముందుగా కాయును, ముందుగా ఎండును. కాని దాని గింజలలో ఆ తొందరయే సంక్రమించును. దుంప ఊరక మునుపే పూయు గుణము తరతరమునకు బలపడును. నిదానముగా వేరూరి, తక్కినవి పూచిన పిదప పూచు మొక్కయే విత్తనమునకు తగినది. అనగా నన్ను తీసికొమ్మని ముందుకు వచ్చినదానిని కాక, వెనుక నిలిచినదానిని వెదకి యెన్నుకొనవలెను. ఈ నియమము ముల్లంగి మడి దాటినను పనికివచ్చునని వేరుగ చెప్ప నక్కరలేదు.

ఇంకొక సంగతి. నేలలో నున్న దుంప మంచిదో చెడ్డదో పెరికిననే గాని తెలియదు. పెరికినచో మొక్క చచ్చునుగదా యని తోచును, చావదు. పెంపకపుదారులు పక్వమైన దుంపలను పెరికి, వరుసగా పెట్టి, మేలైనవానిని ఏరి, ఆకులను కొంత విడిచి పైభాగము కత్తిరించి, దుంప అడుగు భాగమును కోసివేసి, మిగిలిన తల భాగమును మరల నాటుదురు. తల వేరు తొడిగి, చిగిర్చి, పువ్వు పూచి, కాయ కట్టును. కోసిన అడుగు భాగము కూరకు వచ్చును. తినుటయు విడుచుటయు ఒక్క దుంపలోనే జరుగు నన్నమాట. ధర్మసంకటములన్నియు ఇంత చక్కగా తెగవు; కాని తెగునవి కొన్ని కలవని తెలిసికొనుట కూడ మంచిదే.

అయినను దీనికి వెల లేకపోలేదు. మరల నాటిన దుంప సుమారు మూడు నెలలు మడి నాక్రమించి యుండును. అంతకాలము అది కూర నియ్యదు, నీరు మాత్రము త్రాగును. మన సీమలో నీరన్న మాట తేలికగా అనదగినది కాదు. నంది కొండల ప్రాంతమున పుట్టిన చిత్రావతి, పాపఘ్ని, ఉత్తర పినాకిని వానలున్నప్పుడు పారి ఆంధ్రదేశమునకు పోవును. ఏడాది పొడుగున నిండుగ పారు ఏరొక్కటియు మనకు లేదు. చెరువులు కట్టి బ్రదికిన సీమ యిది. బోరుబావులు పలుచోట్ల వేయి అడుగులు దాటినవి. లోతు పెరిగినకొలది ఫ్లోరైడు బాధ యొకటి. ఇటీవల బెంగుళూరు వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి, హెబ్బాళ-నాగవార లోయ పథకము ద్వారా మన చెరువులకు ఎత్తిపోయుచున్నారు. ఇట్టి సీమలో, తినుటకు రాని మొక్కకు మూడు నెలలు బియ్యము కడిగిన నీటినైనను పోయుట చిన్న త్యాగము కాదు. విత్తనము విడుచుట యనగా దుంప నొకదానిని మానుకొనుట మాత్రమే కాదు. కంటికి ఫలము కానరాని దినములలో కూడ దానిని తడుపుట.

ఇక్కడ మాకు రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. మొదటిది ఆకలిగొన్నవానిది. పిల్లలు పస్తుండగా మంచి దుంపను మట్టిలో పాతుమని చెప్పుటకు మనమెవరము? 1876–78 సంవత్సరముల ధాత కరువులో మైసూరు సీమ యెంత పాడైనదో పెద్దలు తరతరములుగా చెప్పిరి. అట్టి కాలమున విత్తనపు రాగులు వండుకొన్న తల్లిని తప్పుపట్టు నోరు నోరు కాదు. విత్తనము బ్రదికినవారి కొరకే గాని, విత్తనము కొరకు బ్రదుకు కాదు. కావున విత్తనము విడువవలెనను ధర్మము కలిగినవారి మీదనే యుండును. ఎంత కలిగియున్నచో అంత యుండును. కడుపు నిండినవాడు విత్తనమును తిని, కరువులో తిన్నవాని పేరు చెప్పి తప్పించుకొనరాదు.

రెండవ ఆక్షేపణ అంగడివానిది. కొద్ది రూపాయలకు గింజల పొట్లము దొరకుచుండగా ఈ యాతన యేల? ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. హెసరఘట్టలో నున్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ 1967లో ఏర్పడినది. అందు రూపొందిన ‘అర్క నిశాంత్’ అను ముల్లంగి త్వరగా బెండుపట్టదు, తొందరపడి పూయదు, చీలదు. అట్టి విత్తనము మా పెరటిలోను వేసితిమి, సంతోషముగా తింటిమి. కాని ఆలోచించినచో ఆ గుణములు ఎట్లు వచ్చినవి? ఎవరో, ఎక్కడనో, మేలైనదానిని తినక విడిచిరి; తొందరపడినదానిని త్రోసివేసిరి. పొట్లము కొన్నప్పుడు మన ప్రశ్న తీరలేదు; మన కంటికి కానరాని చోటికి పోయినది. మనకు బదులుగా మరియొకరు దానికి సమాధానము చెప్పుచున్నారు. సంకరజాతి గింజలైనచో వాని పంట నుండి తీసిన విత్తనము తల్లి గుణము నిలుపుకొనదు; ఏటేట అంగడికే పోవలెను. విత్తనమును దాచుకొని, విత్తి, ఇచ్చిపుచ్చుకొను రైతు హక్కును 2001 నాటి మన దేశపు చట్టము గుర్తించినది. హక్కు చట్టము కాపాడగలదు. విత్తనమును మాత్రము ఎవరో యొకరు వేసవిలో తడుపనిదే చట్టము కాపాడజాలదు.

మాఘమాసములో ముల్లంగి తినరాదని మన పెద్దల నిషేధము. చరకుడు లేత ముల్లంగి దోషములను హరించుననియు, ముదిరినది మూడు దోషములను రేపుననియు చెప్పెను. కార్తికములో విత్తిన ముల్లంగి మాఘము వచ్చునప్పటికి ముదిరి, బెండుపట్టి, పూతకు సిద్ధమగును. విత్తనము నిలుచుటకే నిషేధము పుట్టినదని చెప్పు సాహసము మాకు లేదు. కాని నిషేధము పాటించిన ఇంట మాఘములో కొన్ని మొక్కలు పూచి యుండునన్నది స్పష్టము. “ఈ నెల నీది కాదు” అని చెప్పు ఆచారము మనిషి చేతికి కొంత అడ్డుగా నుండెను. నేడు ఆ అడ్డు చాల ఇండ్లలో లేదు. అందువలన ధర్మము పోలేదు. దానిని మనమే తెలిసి పాటింపవలసి వచ్చినది.

చివరకు మమ్ము అన్నిటికంటె ఆలోచింపజేసిన సంగతి యొకటి చెప్పెదము. ముల్లంగి పువ్వు సాధారణముగా తన పుప్పొడితో తాను కాయ కట్టదు. ఒక్క మొక్కను, అది యెంత మేలైనదైనను, ఒంటరిగా నిలిపినచో గింజ సరిగా రాదు. పలు మొక్కలు కలిసి పూయవలెను. తేనెటీగ ఒకదాని నుండి ఒకదానికి పోవలెను. ఆ తేనెటీగ గోడను లెక్కచేయదు. విత్తనోత్పత్తి చేయువారు జాతికి జాతికి కిలోమీటరు, అంతకు మించిన ఎడము విడుచుట అందుకే. మనవంటి పెరళ్లలో అంత ఎడము ఎక్కడిది? గోడకావల కన్నడమువారి ‘మూలంగి’, ఈవల మన ‘ముల్లంగి’. రెండును పూచినప్పుడు మన గింజలో వారి పాలు, వారి గింజలో మన పాలు తప్పక యుండును. కావున విత్తనము విడుచువానికి రెండు పనులు: తన మడిలో మేలైనదాని నేరుట, పొరుగువాడు కూడ మేలైనదానినే విడుచునట్లు అతనితో స్నేహముగా నుండుట.

ఇట్లు వ్రాయుచున్నప్పుడు మా మనస్సు ముల్లంగి నుండి మన ఇండ్లలోని మాట మీదికి పోయినది. ఈ సీమ తెలుగువారిలో కొందరము ఎప్పుడో వలస వచ్చినవారము, అనేకులము తరతరములుగా ఇక్కడివారమే. చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారాయణ తాత తెలుగునను కన్నడమునను పాడెను. ఆయనకు గోడ అడ్డుకాలేదు. కన్నడము మనకు పొరుగు పుప్పొడి. దాని వలన మన తెలుగు చెడినదని మేము అనము. కాని మనము పిల్లలకు ఏ తెలుగు విడుచుచున్నాము? “అన్నము తిను, తలుపు వేయి, ఇంక పండుకో”: ఇంతే. మన తర్కము, హాస్యము, దుఃఖము, పెద్ద ఆలోచన వేరు భాషలలో ఖర్చగుచున్నవి. దినములో మేలైన గడియ కొలువునకు, మిగిలిన అలసట ఇంటి మాటకు. పిదప పిల్లలకు తెలుగు రాదని మట్టిని నిందించుచున్నాము. తెల్లవారకముందే బండి యెక్కి బెంగుళూరు కూలికి పోయి రాత్రికి వచ్చు తల్లిదండ్రులను మేము అనుట లేదు. వారిది కరువు నాటి న్యాయము. తీరికయు, పుస్తకములును, వసారాయు కలిగిన మనలనే అనుకొనుచున్నాము.

పోయిన మార్గశిరమున మా మడిలో ముప్పది దుంపలు వచ్చెను. వరుసగా పెట్టి ఏడింటిని ఏరితిమి. ఆనాడే బాగేపల్లి నుండి చుట్టములు వచ్చిరి. మేలైనవానిని చుట్టములకు పెట్టక దాచుట మర్యాద కాదని ఇంటిలో కొంత వాదము జరిగెను. కడకు ఏడింటి అడుగు భాగములు పులుసులో పడెను, తలలు మడిలో పడెను. చుట్టములు సంగటిలో ఆ పులుసు కలుపుకొని తిని బాగున్నదనిరి. పోవునప్పుడు, గింజలు వచ్చిన పిదప తమకు కూడ గుప్పెడు దాచుమని అడిగిరి. దాచెదమని మాట యిచ్చితిమి. మాట యిచ్చితిమి గనుక ఆ వేసవిలో ఒక్క దినమును తడుపుట మానలేదు.