విడిచిన పద్యానికి బాధ్యులెవరు? ముద్రణ పద్ధతులు, పరిష్కర్త ధర్మం

ఉపోద్ఘాతం

ముద్రణను గ్రంథరక్షణ సాధనంగా కీర్తించడం మన సాహిత్య చరిత్రలలో పరిపాటి. తాళపత్రాలు చెదలకు, తేమకు, అశ్రద్ధకు బలి అవుతున్న కాలంలో అచ్చు వచ్చి కావ్యాలను నిలబెట్టిందన్నది ఆ కీర్తనకు ఆధారం. అది సత్యమే. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని అచ్చులోకి తేవడంతో ఆ కావ్యం పండితలోకపు చర్చలోకి వచ్చింది. అయితే అదే ముద్రణ కొన్ని పాఠాలు నశించడానికీ దారి తీసింది. ఒక గ్రంథాన్ని అచ్చుకు సిద్ధం చేసే పరిష్కర్త, తాను విడిచిపెట్టిన భాగానికి ఎంతవరకు బాధ్యుడు? ముద్రణ పద్ధతి మారితే ఆ బాధ్యత కూడా మారుతుందా? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాతప్రతిలో లేఖకుని బాధ్యత

గంటంతో ఆకుపై రాసే లేఖకుడు ఒకేసారి ఒకే ప్రతిని తయారుచేస్తాడు. అతడు ఒక పాదాన్ని జారవిడిచినా, ఒక పదాన్ని తనకు తెలిసిన పదంతో మార్చినా ఆ దోషం ఆ ప్రతికీ, దానినుంచి పుట్టిన ప్రతులకూ పరిమితం. పక్క ఊరిలోని మరొక ప్రతి ఆ దోషాన్ని ఎరుగదు. మూలంలో ఎలా ఉందో అలాగే రాశాననీ, తప్పులుంటే మన్నించాలనీ ప్రతి చివర చెప్పుకోవడం లేఖకుల ఆచారం. ఆ విన్నపంలో వినయంతో పాటు ఒక వాస్తవ జ్ఞానం కూడా ఉంది. తన ప్రతి అనేక ప్రతులలో ఒకటి మాత్రమేనని లేఖకునికి తెలుసు. పాఠాంతరాల బహుళత్వమే అక్కడ ఒక విధమైన రక్షణ.

తాళపత్రానికి ఆయుర్దాయం పరిమితం. కొన్ని తరాలకొకసారి ఎవరో ఒకరు పూనుకొని తిరగరాస్తేనే గ్రంథం బతుకుతుంది. కనుక తిరగరాయడం ఆగిపోవడమంటే గ్రంథానికి మరణశాసనం వంటిదే.

అచ్చు తెచ్చిన మార్పు

చైనాలో 868 నాటి వజ్రసూత్రం చెక్కదిమ్మెలతో అచ్చయింది. 1377లో కొరియాలో లోహపు అక్షరాలతో గ్రంథం వెలువడింది. సుమారు 1455 నాటికి గుటెన్‌బర్గ్ బైబిలు పూర్తయింది. తెలుగు అక్షరాలు మొదట అచ్చులో కనిపించినది మన దేశంలో కాదు. 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరామపురంలో వెలువడింది. ఆ తరువాత మద్రాసు తెలుగు ముద్రణకు కేంద్రమైంది.

సీసపు అక్షరాల ముద్రణలో ఒక విశేషం ఉంది. గుణింతాలు, ఒత్తులు కూర్చి ఒక ఫారం సిద్ధం చేయడం ఎంత శ్రమో, అచ్చు పూర్తయ్యాక ఆ అక్షరాలను విడదీసి మళ్లీ గళ్లలో వేయడం అంత అవసరం. లేకపోతే తరువాతి ఫారానికి అక్షరాలు చాలవు. అందువల్ల పరిష్కర్త నిర్ణయం ఒక్కసారి ఫారంలోకి ఎక్కి అచ్చయితే, ఆ కూర్పులోని ప్రతులన్నింటిలోనూ అదే పాఠం స్థిరపడుతుంది. లేఖకుని పొరపాటు ఒక ఇంటిది; పరిష్కర్త పొరపాటు పాఠకలోకానిది.

ఇంతకంటె గంభీరమైన పరిణామం మరొకటి. అచ్చుపుస్తకం చవకగా దొరికిన తరువాత ఆకులపై తిరగరాసే అవసరం పోయింది. పాత ప్రతి అటకపై ఉండి శిథిలమైంది. అచ్చులోకి ఎక్కని పద్యాన్ని ఎవరూ నిషేధించలేదు, ఎవరూ తగలబెట్టలేదు. దానిని మోసే చేయి లేకపోయింది, అంతే. విడిచిపెట్టడం వేరు, నాశనం చేయడం వేరు అని మనం సాధారణంగా భావిస్తాం. తిరగరాత ఆగిపోయిన సమాజంలో ఆ రెంటి మధ్య దూరం చాలా తగ్గిపోతుంది. పరిష్కర్త ధర్మాన్ని విచారించవలసినది ఇక్కడే.

రెండు నిదర్శనాలు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేశాడు. వేమన పేరుతో ప్రచారంలో ఉన్న పద్యాలన్నింటినీ ఆ కూర్పులో చేర్చలేదు. 1839 నాటి కూర్పులో పద్యాల సంఖ్య గణనీయంగా పెరిగింది. ఎంపికలో బ్రౌన్ అభిరుచి, అతని కాలపు విలువలు పనిచేశాయనడంలో సందేహం లేదు. అయితే అతడు మరొక పని కూడా చేశాడు. పండితులను నియమించి అనేక ప్రతులను సేకరించి, సరిచూపించి, శుద్ధప్రతులు రాయించి వాటిని భద్రపరిచాడు. ఆ సంపద నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. అందువల్ల బ్రౌన్ ఎంపికను ఆ తరువాతి వారు ప్రశ్నించగలిగారు. అతని తీర్పుతో పాటు సాక్ష్యం కూడా మిగిలింది.

ముద్దుపళని రాధికా సాంత్వనం కథ ఇందుకు భిన్నం. పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఆ కవయిత్రి రచించిన ఈ ప్రబంధాన్ని 1887లో పైడిపాటి వెంకటనరసు అచ్చు వేయించాడు. కొన్ని పద్యాలతో పాటు కవయిత్రి తన వంశాన్ని చెప్పుకొన్న పీఠిక కూడా ఆ కూర్పులో లేదు. పాఠకునికి అందిన పుస్తకం సమగ్రంగానే కనిపిస్తుంది. లోటు ఉందని అనుమానించడానికి ఆస్కారం లేదు. రాతప్రతిని సంపాదించి అచ్చుప్రతితో పోల్చిచూసిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి ద్వారా సమగ్రమైన కూర్పును వెలువరించింది. తరువాత ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించగా, టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు ఆ నిషేధం తొలగింది.

ఈ రెండవ ఉదంతంలో రెండు రకాల అణచివేతలు కనిపిస్తాయి. ప్రభుత్వ నిషేధం బహిరంగం; దానిని ఎదిరించవచ్చు, ఎదిరించారు కూడా. పరిష్కర్త మౌనం అటువంటిది కాదు. తనకు ఏది అందలేదో పాఠకునికి తెలియదు కనుక అడిగే అవకాశమే లేదు. నాగరత్నమ్మకు ఒక రాతప్రతి దొరకకపోయి ఉంటే, ముద్దుపళని తన గురించి తాను చెప్పుకొన్న మాట వినే దారి మూసుకుపోయేది.

ఆక్షేపణలు

దీనికి రెండు ఆక్షేపణలు సంభవిస్తాయి. అన్ని పాఠాలనూ అచ్చు వేయడం అసాధ్యమని మొదటిది. కాగితానికి, కూర్పుకు ఖర్చు ఉంది. సామాన్య పాఠకుడు కోరేది చదువుకోవడానికి వీలైన ఒక పాఠాన్ని, పాఠాంతరాల పట్టికను కాదు. ఇది న్యాయమైన మాట. పరిష్కర్త ఎంపిక చేయక తప్పదు. ఎంపిక చేయని పరిష్కర్త తన పని చేయనట్లే. కాని ఎంపిక చేసే అధికారంలో దానిని దాచే అధికారం చేరి లేదు. ఫలానా చోట ఇన్ని పద్యాలను ఫలానా కారణంచేత విడిచామని చెప్పడానికి ఒక్క పుట చాలు.

పరిష్కర్త తన కాలపు నీతికి బద్ధుడు కనుక అతనిని నేటి విలువలతో తూచరాదని రెండవది. ఒక పద్యం అశ్లీలమని భావించినందుకు వెంకటనరసును నిందించడం నిజంగానే సులభమైన పని, నిష్ప్రయోజనమైన పని కూడా. మన విచారణ అతని అభిరుచిని గురించినది కాదు. మూలానికి విధేయత, మార్పును ఒప్పుకోవడం అనే విలువలు అతని కాలానికి కొత్తవి కావు. ప్రతి చివర విన్నపం రాసిన పేరులేని లేఖకునికి అవి తెలుసు.

పద్ధతి మారితే ధర్మం

సీసపు అక్షరాల కాలంలో పునర్ముద్రణ అంటే చాలావరకు మళ్లీ కూర్చడమే. దిద్దుబాటుకు అక్కడ అవకాశం ఉండేది. ఆఫ్‌సెట్ వచ్చాక పాత కూర్పును ఫోటో తీసి యథాతథంగా అచ్చు వేయడం సులభమైంది. పాత లోపం కొత్త అట్టతో తిరిగి వస్తుంది. నేడు అంతర్జాలంలోకి ఎక్కిస్తున్న ప్రతులలోనూ ఇదే జరుగుతోంది: దొరికిన కూర్పునే మూలమని భావించి ఎక్కిస్తే, వందేళ్ల కిందటి మౌనం మరింత విస్తరిస్తుంది. మరోవైపు, స్థలాభావమనే పాత సాకు ఇప్పుడు చెల్లదు. రాతప్రతి చిత్రాన్నీ, పరిష్కృత పాఠాన్నీ, పాఠాంతరాలనూ పక్కపక్కన ఉంచగల సాధనం చేతిలో ఉంది. సాధనం అశక్తమైనప్పుడు క్షమింపదగిన లోపం, అది శక్తిమంతమైనప్పుడు ఉపేక్ష అవుతుంది.

ముగింపు

పరిష్కర్త కవికి ఋణపడి ఉంటాడన్నది అందరూ అంగీకరించే విషయం. తాను ఎన్నడూ చూడని పాఠకునికి కూడా అతడు ఋణపడి ఉంటాడు. ఆ పాఠకుడు తనతో విభేదించవచ్చు. విభేదించడానికి అవసరమైన ఆధారాన్ని అతనికి మిగల్చడమే ఆ ఋణం తీర్చే మార్గం. కనుక విడిచిన పద్యానికి బాధ్యుడు పరిష్కర్తే. విడిచానని చెప్పి, ప్రతిని భద్రపరిచినప్పుడు ఆ బాధ్యతను అతడు నెరవేర్చినట్లు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ప్రాచీన కావ్యాలను పునర్ముద్రించేటప్పుడు కనీసం ఏ ప్రతి ఆధారమో, ఏ కూర్పులో ఏది లేదో మొదటి పుటలలో చెప్పడం నియమంగా పాటించాలి. అటకలపై మిగిలిన ఆకులకు ఎక్కువ కాలం లేదు.