చెదరినవారు పంపిన సహాయము

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయము, 2 కొరింథీయులకు 8వ అధ్యాయము



వానకాలము వచ్చినప్పుడెల్ల మన ప్రార్థనలలో తలంచవలసిన ఒక స్థలమును గూర్చి, అచ్చటి మనవారిని గూర్చి ఈ మాటలు వ్రాయుచున్నాము.

బళ్లారి జిల్లాలోని సండూరు చుట్టును ఇనుప ఖనిజపు కొండలున్నవి. ఆ కొండల మీద కురిసిన వాన వంకల వెంట దిగి నారిహళ్లలో చేరును. కన్నడములో హళ్ల అనగా వాగు. పెద్ద నదికి వరద వచ్చునప్పుడు పై ఆనకట్ట నుండి ముందుగా కబురు అందును. కొండవాగు అట్లు కాదు. సాయంత్రము మోకాలి లోతున్న నీరు తెల్లవారకముందే గుడిసె కప్పును తాకవచ్చును. గనులలో త్రవ్వి పోసిన మట్టి కొట్టుకొనివచ్చి వంకలు పూడిపోయిన చోట నీటికి దారి మరింత ఇరుకగును.

ఆ వంక గట్టున గుడిసె వేసికొనువాడెవడు? మంచి స్థలము కొనలేనివాడే. పని వెదకుకొనుచు వచ్చిన మన వంటివాడే. నీరు తీసిన తరువాత అధికారులు నష్టము వ్రాసికొనుటకు వచ్చెదరు. కూలిన గుడిసె తనదని చూపుటకు అతని యొద్ద కాగితము లేదు. అర్జీ కన్నడములో వ్రాయవలెను. అతనికి తెలుగే సరిగా వ్రాయరాదు. వరద అందరి మీదికి ఒక్కటిగానే వచ్చును గాని, సహాయము అందరికి ఒక్కటిగా చేరదు.

ప్రియులారా, అంతియొకయ సంఘమును చూడుడి. స్తెఫను మరణము తరువాత కలిగిన హింసలో చెదరిపోయినవారి వలన ఆ సంఘము పుట్టెను. వారు కూడ వలసవారే. భూలోకమంతట కరవు రానున్నదని అగబు ప్రవచింపగా, ఎవరి శక్తికొలది వారు ఇచ్చి, యూదయలోని సహోదరులకు బర్నబా సౌలుల చేత సొమ్ము పంపిరి. ఇందులో మూడు సంగతులు కనబడుచున్నవి. కష్టము ముదరకముందే వారు నిశ్చయించుకొనిరి. కలిగినవాడును లేనివాడును తన కొలది ఇచ్చెను. నమ్మకమైన చేతులకే అప్పగించిరి. తరువాత పౌలు కొరింథీయులకు వ్రాయుచు, ఈ ధర్మము విషయమై దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుట కూడ నిందకు చోటు లేకుండునట్లు తాను జాగ్రత్తపడుచున్నానని తెలిపెను. అపొస్తలుడే లెక్క చూపగా మనము చూపనక్కరలేదా?

మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోను ఇట్టి సాక్ష్యమున్నది. 1876-78 సంవత్సరముల గొప్ప కరవు బళ్లారి, కర్నూలు, నెల్లూరు సీమలను పీడించెను. ఒంగోలులోని జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. అయితే కరవు సహాయము జరుగుచున్న కాలములో బాప్తిస్మములు ఆపివేసెను. గింజల కొరకు ఎవడును క్రీస్తు పేరు చెప్పుకొనకూడదని ఆయన ఉద్దేశము. సహాయము ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నమును గాలముగా చేయనివాని మాటను జనులు నమ్మిరి.

2009 అక్టోబరు మొదటి వారములో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పట్టణము మునిగినది. మంత్రాలయము, ఆలంపురము నీట చిక్కినవి. ఆ వానలే ఉత్తర కర్ణాటకమును కూడ ముంచినవి. రాష్ట్రముల సరిహద్దు వరదకు తెలియదు. మన ప్రేమకు మాత్రము ఎందుకు తెలియవలెను?

కాబట్టి వానలకు ముందే ప్రతి సంఘము కొంత సొమ్ము వేరుగా ఉంచవలెను. పంచునప్పుడు మనవాడా కాడా, ఏ కులము, ఏ మతము అని అడుగకూడదు. గిన్నెలు, దుప్పట్లు, బియ్యము, త్రాగునీరు మొదట విధవరాండ్రకును, బాలింతలకును, ముసలివారికిని చేర్చవలెను. కన్నడము వచ్చిన యౌవనస్థులు తహశీల్దారు కార్యాలయమునకు తోడు వెళ్లి అర్జీలు వ్రాసిపెట్టవలెను. ఇది డబ్బు లేనివాడును ఇయ్యగల కానుక. తీసికొనువాని చేతిని ఫోటో తీసి వాని సిగ్గును పదిమందికి చూపకూడదు. మిగిలిన సొమ్ము లెక్క సంఘము ఎదుట చదువవలెను.

చేను కోయునప్పుడు పరదేశి కొరకు పరిగె విడువుమని ధర్మశాస్త్రము ఇశ్రాయేలుకు ఆజ్ఞాపించెను; వారును ఐగుప్తులో పరదేశులై యుండిరి గనుక ఆ బాధ వారికి తెలియును. మనకును తెలియును. ఏ జాబితాలోను పేరు లేనివాని పేరు మన ప్రార్థనలోను, మన సహాయములోను మొదట ఉండునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.