వాడిన వస్తువునకు యజమాని ఎవరు?

క్రొత్త వస్తువును కొనువాడు ధనమును మాత్రమే చెల్లించును. వాడిన వస్తువును కొనువాడు ధనముతోబాటు విశ్వాసమును కూడ చెల్లింపవలసి యుండును. క్రొత్తదాని గుణదోషములకు చేసినవాడు పూచీపడును. పాతదానికి ఒక చరిత్ర కలదు. కాని ఆ చరిత్ర అమ్మువాని నోట నున్నది. పూర్వము సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచి వయస్సు లెక్కించెడివాడు, సుడులు చూచెడివాడు, నాలుగడుగులు నడిపించి చూచెడివాడు. నేడు పాత మోటారు కారును కొనువాడు చేయునదియు ఇంచుమించు అదియే. అమ్మువాడు ఎంతవరకు చెప్పవలెను? కొనిన పిమ్మట ఆ వస్తువు ఏ అర్థమున కొన్నవానిదగును? బేరముతో సంబంధము లేని మూడవవానికి దానివలన కీడు కలిగినచో ఆ భారమెవరిది? ఇవి చిన్న ప్రశ్నలుగా కన్పట్టును. కాని నిత్యజీవితమున ధర్మము పరీక్షకు వచ్చునది ఇట్టి చోట్లనే.

ఈ విచారణకు ఒక వస్తువును ఎదుట నుంచుకొనుట మేలు. జర్మనీలోని మెర్సిడెస్ బెంజ్ సంస్థ 1977లో రెండు తలుపుల విలాసపు కారు నొకదానిని జెనీవా ప్రదర్శనమున చూపినది. ఇట్టివానిని కూపే యందురు. అదే వంశమునకు చెందిన నాలుగు తలుపుల కారుకంటె దీని ముందు వెనుక చక్రముల నడిమి దూరము 8.5 సెంటీమీటర్లు తక్కువ. కప్పు వాలు ఎక్కువ. పక్క అద్దముల నడుమ స్తంభము లేదు. అద్దములన్నియు దించినచో మండపమున కూర్చున్నట్లుండును. ఇంతటి సొగసు గల దేహమున 300 సి.డి. అను పేరుతో ఒక డీజిలు ఇంజనును అమర్చి ఉత్తర అమెరికాకు మాత్రమే 1985వ సంవత్సరపు నమూనా వరకు పంపిరి. జర్మనీలో టాక్సీలుగా తిరుగు డీజిలు కార్ల వంశపు ఇంజను అది. అయిదు సిలిండర్లు, మూడు లీటర్ల పరిమాణము, మొదట సుమారు 80 అశ్వముల శక్తి. పిదప టర్బో చేర్చినప్పుడు అది సుమారు 120కి పెరిగినది. రథమునకు అరక ఎద్దును పూన్చినట్లయినది.

ఈ వింత కలయికకు కారణము రసికత కాదు, చట్టము. 1973లో చమురు కరవు వచ్చిన పిమ్మట అమెరికా ప్రభుత్వము 1975లో ఒక శాసనము చేసినది. ఒక సంస్థ అమ్ము కార్లన్నిటి సగటు ఇంధన వినియోగము నిర్ణీత ప్రమాణమునకు లోబడి యుండవలెను. ఈ నియమము 1978 నమూనాలనుండి అమలునకు వచ్చినది. పెట్రోలును విరివిగా త్రాగు పెద్ద కార్లను అమ్ము సంస్థకు ఆ సగటును సరిదిద్దుటకు డీజిలు కార్లు అక్కరకు వచ్చినవి. విలాసమునకు మితవ్యయము తోడుగా నిలిచినది. ఆ మితవ్యయము విలాసమును విడువకుండుటకు ఏర్పడిన ఉపాయము. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుట అవసరము; ఏలయన నలువది సంవత్సరముల తరువాత అదే కారును పాతదిగా కొనువాని మనస్సున జరుగునదియు ఇదియే.

ఏల కొనితివని యడిగినచో అతడు చెప్పు మొదటి సమాధానము పొదుపు. క్రొత్త కారు వెలలో కొద్ది భాగమునకే వచ్చినది, ఈ ఇంజను లక్షల మైళ్లు నడచునని పేరు, ఇంధనము తక్కువ. ఇందులో అసత్యము లేదు. కాని పొదుపే లక్ష్యమైనచో అదే ఇంజను గల నాలుగు తలుపుల కారు కలదు. అది ఎక్కువ సంఖ్యలో తయారైనది కనుక దాని భాగములు సులభముగా దొరకును. కూపేకు మాత్రమే చెందిన అద్దములు, రబ్బరు పట్టీలు, అలంకారపు బద్దలు వెదకి వెదకి కొనవలెను. కావున అతడు కోరినది పొదుపు కాదు, సౌందర్యము. సౌందర్యమును కోరుట పాపమని ఎవరును అనరు. కోరికకు పొదుపు అను కాషాయము కట్టి తనకు తానే నమస్కరించుట మాత్రము ఆత్మవంచన. ధనవంతుడు క్రొత్త కారును కొని, అది తన దర్పమునకే యని ఒప్పుకొనినచో అతనియందు కనీసము ఆ సత్యమైనను మిగులును. పాతదానిని కొని వైరాగ్యము నటించువానికి అదియు మిగులదు. పైగా తన ఉద్దేశము తనకే తెలియనివాడు బేరమున సులభముగా మోసపోవును. వినగోరిన మాటనే అమ్మువాడు చెప్పును.

ఇక అమ్మువాని సంగతి. డీజిలు ఇంజనున నిప్పురవ్వ పుట్టించు సాధనము లేదు. సిలిండరులోని గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టు వేడికే ఇంధనము మండును. లోపలి భాగములు అరిగిపోయినచో అదుము బలము తగ్గును. అప్పుడు చల్లని ఉదయమున ఇంజను సులభముగా మేల్కొనదు. మేల్కొన్నను కుంటుచు తెల్లని పొగ వదలును. ఒకసారి వేడెక్కిన పిమ్మట ఈ రోగము చాలవరకు మరుగుపడును. కనుక పాత డీజిలును కొనువారికి పెద్దలు చెప్పు మొదటి మాట ఒకటే: చల్లారిన ఇంజనును నీ యెదుటనే నడిపించి చూడుము. కొందరు అమ్మువారు కొనువాడు రాకముందే బండిని ఊరంతయు ఒక చుట్టు త్రిప్పి తెచ్చి వాకిట నిలుపుదురు. కొనువాడు తాళము త్రిప్పగానే ఇంజను చక్కగా పలుకును. అమ్మువాడు ఒక్క అబద్ధమైనను ఆడలేదు. ఇంజను మంచిదని కూడ అతడనలేదు. అయినను కొనువాని మనస్సున ఒక అసత్యము నాటుకొన్నది. దానిని నాటినది ఎవరు?

ఈ ప్రశ్న మిక్కిలి పాతది. రోము దేశపు రాజనీతిజ్ఞుడైన సిసిరో క్రీస్తుపూర్వము 44వ సంవత్సరమున కర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని విపులముగా చర్చించెను. రోడ్స్ ద్వీపమున కరవు. అలెగ్జాండ్రియానుండి ఒక వర్తకుడు ధాన్యముతో వచ్చెను. వెనుకనే మరికొన్ని ధాన్యపు ఓడలు వచ్చుచున్నవని అతనికి తెలియును; ద్వీపవాసులకు తెలియదు. అతడు ఆ సంగతి చెప్పవలెనా, లేక ఊరకుండి అధిక ధరకు అమ్ముకొనవచ్చునా? చట్టము చెప్పుమన్న లోపములను చెప్పి, ఇతర మోసము చేయనిచో చాలునని బాబిలోనియా వాడగు డయోజినీసు వాదము. అమ్మువానికి తెలిసినదంతయు కొనువానికి తెలియవలెనని అతని శిష్యుడు ఆంటిపేటరు వాదము. సిసిరో శిష్యుని పక్షమే వహించెను. మౌనము అన్ని వేళల వంచన కాదు; కాని ఎదుటివానికి తెలిసికొను హక్కు గల విషయమును స్వలాభమునకై దాచుట వంచనయే యని అతని నిర్ణయము. ఇంజనును ముందుగా వేడిచేసినవాడు మౌనము కంటెను ఒక అడుగు ముందుకు వేసెను. అతడు దాచుటయేగాక ఒక దృశ్యమును కల్పించెను.

మన ఇతిహాసమునను ఒక వర్తకుడు కలడు. మహాభారత శాంతిపర్వమున జాజలి యను తపస్వి కదలక నిలిచి తపస్సు చేయగా అతని జటలలో పక్షులు గూడు కట్టి పిల్లలను పెట్టెను. తనతో సమానుడు లేడని జాజలి గర్వించెను. వారణాసిలో సరకులమ్ము తులాధారుడు నీకంటె ధర్మమెరిగినవాడని ఒక అశరీరవాణి పలికినది. జాజలి పోయి చూడగా అతడు తన త్రాసును గూర్చి చెప్పెను: ఆ త్రాసు సర్వభూతములకు సమము. అడవి నెరుగక అంగడిలో కూర్చున్నవానియొద్దకు తపస్వి ధర్మము నేర్చుకొనబోవుట అల్పవిషయము కాదు. త్రాసు సరిగా తూచినచో చాలునని కొందరందురు. పాత కారును తూచు త్రాసు అమ్మువాని నాలుక.

నాలుక తప్పు తూచినచో నష్టము ఒక్క కొనువానితో ఆగదు. 1970లో జార్జి అకెర్లాఫ్ అను అమెరికను ఆర్థికశాస్త్రవేత్త వాడిన కార్ల అంగడినే ఉదాహరణముగా గైకొని ఒక వ్యాసము వ్రాసెను. 2001లో అతనికి లభించిన నోబెలు బహుమతికి ఆ వ్యాసమే ముఖ్య కారణము. చెడ్డ కారును అమెరికనులు నిమ్మపండని పిలుతురు. ఏది నిమ్మపండో కొనువానికి తెలియదు కనుక అతడు ఏ కారుకైనను సగటు ధరయే ఇవ్వజూచును. మంచి కారు గలవానికి ఆ ధర గిట్టదు. అతడు అంగడినుండి తొలగును. మిగిలినవానిలో చెడ్డవి హెచ్చగును. ధర మరింత దిగును. ఇట్లు అసత్యము మోసపోయినవానినే కాక సత్యవంతుడైన అమ్మువానిని కూడ అంగడినుండి వెళ్లగొట్టును. ఈ విషయమును ధర్మశాస్త్రము వేరు మాటలలో ఏనాడో చెప్పియున్నది. అయినను లెక్క కట్టి చూపిన గౌరవము అకెర్లాఫ్‌నకు చెందవలెను.

చట్టము కొంత చేసినది. నడచిన దూరమును చూపు అంకెలను వెనుకకు త్రిప్పుటను అమెరికా 1972లోనే చట్టముచే నిషేధించినది. 2015లో మరియొక జర్మను సంస్థయగు వోక్స్‌వాగన్ డీజిలు కార్ల కపటము బయటపడినది. పొగను పరీక్షించునప్పుడు మాత్రము శుభ్రముగా నడచి, వీథిలో మురికిగా నడచునట్లు సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో ఉపాయము పన్నిరి. వాకిట ఇంజను వేడిచేసిన చిన్న అమ్మకందారునకును ఇంతటి సంస్థకును భేదము పరిమాణముననే.

కొనుట ముగిసినది, కాగితము చేతికి వచ్చినది. ఇప్పుడు వస్తువు ఎవరిది? ఈ కారు యజమానికి ఒక దినచర్య నేర్పును. చలికాలపు ఉదయమున తాళము సగము త్రిప్పి, లోపలి తీగలు ఎర్రబడి దీపము ఆరువరకు వేచియుండవలెను. నూనె కాలమునకు మార్చవలెను. వాల్వుల నడిమి సందును నియమిత దూరమున కొకసారి కొలిచి సవరింపవలెను. ఇందులో ఒక విచిత్రము కలదు. ఈ ఇంజనును ఆపునది గాలిని పీల్చివేయుటవలన కలుగు శూన్యబలము. తలుపుల తాళములను నడుపునదియు ఆ బలమే. తలుపులోని రబ్బరు గొట్టము పగిలినచో ఒక్కొక్కప్పుడు తాళపుచెవి తీసినను ఇంజను ఆగదు. యజమాని తాళపుచెవి చేతబట్టుకొని, తన ఆజ్ఞ వినని యంత్రము ప్రక్కన నిలువవలసి వచ్చును. అట్టివేళ యజమాని యను పదమునకు అర్థమేమో అతడే ఆలోచించుకొనును.

మరమ్మతులు సాగినకొలది వేరొక సందేహము పుట్టును. గ్రీసు దేశమున ఒక టాక్సీవాడు అదే సంస్థ చేసిన 1976వ సంవత్సరపు డీజిలు కారును వాడినదిగానే కొని, 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004లో ఆ సంస్థ ప్రదర్శనశాలకు అప్పగించెను. నడుమ ఇంజనులు పలుమార్లు మార్చెను. అయినచో 46 లక్షల కిలోమీటర్లు నడచినది ఏది? మిళిందరాజు రథమెక్కి వచ్చితినని చెప్పగా నాగసేనుడు, ఇరుసు రథమా, చక్రము రథమా, కాడి రథమా అని ప్రశ్నించి ఏ ఒక్కటియు కాదనిపించెను. రథమనునది భాగముల కూర్పునకు మనము పెట్టిన పేరు. మన చేతిలోనిది ఆ పేరు. మన వంతుగా వచ్చినది కొన్ని సంవత్సరముల సేవ. దీనినెరిగి ముందువాడు మరమ్మతుల లెక్కను పుస్తకమున వ్రాసియుంచినచో, తరువాతివానికి అది కారుకంటె విలువైనది. పాత కార్ల బేరమున అట్టి పుస్తకమునకు ధర పలుకుట లోకమున సత్యమునకు ఇంకను విలువ కలదనుటకు ఒక నిదర్శనము.

ఇంతవరకు ఇద్దరి సంగతి. మూడవవాడు మిగిలియున్నాడు. అతడు వీథిలో నడచువాడు. బేరము అతనికి తెలియదు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగను మానవులకు కేన్సరు కలిగించు వస్తువుల వర్గమున చేర్చినది. ఆనాటి కార్లలో చాలవానికి మసిని పట్టు జల్లెడ లేదు. వాడిన వంటనూనె పోసి నడుపుదుమని కొందరు చెప్పుదురు. 1900లో పారిసు ప్రదర్శనమున డీజిలు ఇంజనొకటి వేరుసెనగ నూనెతో నడచినమాట నిజమే. కాని నూనె మారినంత మాత్రమున పొగ పరిశుద్ధము కాదు. పాతదానిని నిలుపుకొనుటవలన క్రొత్తదానిని తయారుచేయు ఇనుము, బొగ్గు మిగులునను వాదమున బలము కలదు; అయితే ఆ మిగులు ఎక్కడనో కలదు, పొగ ఇక్కడ కలదు.

మనదేశమునను ఈ చిక్కు వచ్చినది. పది సంవత్సరములు దాటిన డీజిలు వాహనములు ఢిల్లీ ప్రాంతమున తిరుగరాదని జాతీయ హరిత న్యాయాధికరణము 2015లో ఆదేశించెను. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. 2025లో ఆ విషయము మరల ఆ న్యాయస్థానము ఎదుటికి వచ్చినది. ఆదేశము వెలువడగా విలాసపు కార్లు సయితము చౌకగా ఇతర రాష్ట్రములకు తరలిపోయినవి. కొన్నవానికి సంతోషము, అమ్మినవానికి సంతోషము. ఢిల్లీ బాలుని ఊపిరికి చెరుపు చేయు పొగ వేరొక ఊరి బాలునకు చేయదని ఏ శాస్త్రము చెప్పినది? తులాధారుని త్రాసున ఆ ఇద్దరు బాలురు సమానముగానే తూగుదురు.

అయినచో ఈ కారును నుగ్గు చేయవలెనా? తొందరపడి అట్లనుటకు వీలులేదు. ఏడాదికి కొద్ది దినములు, జనసమ్మర్దము లేని దారిని, చక్కగా మరమ్మతు చేసి నడుపువానికిని, ప్రతిదినము బడి ముందు నుండి నల్లని పొగ వదలుచు పోవువానికిని భేదము లేదనుట న్యాయము కాదు. మొదటివాడు తన సుఖమునకు హద్దు గీచుకొనెను. ఆ హద్దును చట్టము గీయునని కూర్చున్నవానికి డయోజినీసు తోడుండును. తానే గీచుకొన్నవానికి అమ్మువేళ కూడ కష్టము తప్పదు: చల్లని ఇంజనును చూపవలెను, పొగను దాచక చూపవలెను, లెక్కల పుస్తకము నీయవలెను. ధర తగ్గును. కొనువాడు బేరమాడక వెళ్లిపోవుటయు కలదు.