మైల ఎక్కడుంది?



నెలసరి రోజుల్లో పూజకు వచ్చినా దివ్యసత్ప్రసాదం దగ్గరకు రావడానికి జంకే తల్లులు మన విచారణల్లో ఇంకా ఉన్నారు. ఆ రోజుల్లో ఆడపిల్లను జపమాల ముట్టనివ్వని ఇళ్ళూ ఉన్నాయి. 'మైల' అన్న మాటకు అంత బలం! ఆ మైల ఎక్కడుందో ఒకసారి వెదికి చూద్దాం.

గర్భాశయం లోపలి పొరను వైద్యులు ఎండోమెట్రియం అంటారు. నెలసరి ముగిశాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను దానిని తిరిగి పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరోన్ ఆ పొరను బిడ్డ కోసం సిద్ధం చేస్తుంది. ఏ రోజుకు ఏ మాంసకృత్తు కావాలో అక్కడి కణాలు ఆ వేళకు తయారుచేస్తాయి. 28 రోజుల చక్రంలో సుమారు 20వ రోజున ఇంటెగ్రిన్ జాతి మాంసకృత్తు ఒకటి పొరపై కనిపిస్తుంది. గ్లైకోడెలిన్ అనే మరొకటి చక్రం చివరి భాగంలో పెరుగుతుంది. పిండం అంటుకోగల గడువు కొద్ది రోజులే.

ఒక విశేషం గమనించండి. చిట్టెలుకలో పిండం వచ్చి చేరాకనే ఈ పొర గర్భానికి తగినట్టు మారుతుంది. స్త్రీలో అలా కాదు. అతిథి వస్తాడో రాడో తెలియకముందే, నెలనెలా పక్క పరచి ఉంటుంది. రాకపోతే ప్రొజెస్టిరోన్ తగ్గుతుంది, పొరను విడదీసే ఎంజైములు పనిలోకి దిగుతాయి. అవీ మాంసకృత్తులే. పరచిన పక్క ఎత్తివేసినట్టే పొర రాలిపోతుంది, మచ్చ లేకుండా మానుతుంది. మనం మైల అంటున్నది దీనినే.

'ఇలా ఉంది' అన్నదాని నుండి 'ఇలా ఉండాలి' అన్నదానికి ఒక్క గంతులో పోరాదని తత్వశాస్త్రం హెచ్చరిస్తుంది. కనుక మాంసకృత్తులను చూపి స్త్రీ పవిత్రురాలని నేను వాదించను. అదే న్యాయాన, వాటిని చూపి ఆమె అపవిత్రురాలని గాని, బిడ్డ కలగకపోతే ఆమె బ్రతుకు వ్యర్థమని గాని ఎవరూ అనరాదు. దోషం సంకల్పంలో ఉంటుంది. సంకల్పం లేని చోట పాపం లేదు.

"మరి లేవీయకాండము 15వ అధ్యాయం మాటేమిటి ఫాదర్?" అంటారేమో. అది ఆరాధన శుద్ధిని గురించిన నియమం, పాపాన్ని గురించినది కాదు. పైగా అదే అధ్యాయం పురుషుని స్రావాన్ని గురించీ చెబుతుంది. దానిని మరచి, స్త్రీది మాత్రమే గుర్తుంచుకున్నాం! పన్నెండేండ్ల రక్తస్రావంతో వచ్చి తన వస్త్రాన్ని తాకిన స్త్రీని యేసు ప్రభువు "కుమారీ" అని పిలిచారు. నెలసరిలో ఉన్న స్త్రీని దేవాలయానికి రావద్దనరాదని, దివ్యసత్ప్రసాదం స్వీకరించకుండా ఆపరాదని పునీత గ్రెగోరి పాపుగారు క్రీ.శ. 600 ప్రాంతంలో ఇచ్చిన జవాబును బీడ్ తన చరిత్రలో పొందుపరిచారు.

తల్లిదండ్రులారా, ఆ రోజుల్లో మీ బిడ్డకు నొప్పి ఉంటే విశ్రాంతి ఇవ్వండి. వెలి మాత్రం వేయకండి. సాయంకాల ప్రార్థనలో జపమాల ఆమె చేతికివ్వండి.