ఋతువులూ, సీజనూ

పిల్లల పుస్తకంలో వొక విషయం చెప్పకుండా వదిలివేయడం అబద్ధం చెప్పడంతో సమానమవుతుందా? ఈ ప్రశ్న నాకు నీతిశాస్త్ర గ్రంథాలు చదువుతూ వుండగా తట్టలేదు. బోధను దగ్గర వొక వూళ్ళో, నాలుగో తరగతి చదివే వొక పిల్ల అడిగిన మాట నుంచి పుట్టింది.

నేను నిజామాబాదులో కాలేజీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. మిత్రులు కోరగా, ఋతువులను గురించి పిల్లలకోసం వొక చిన్న పుస్తకం రాశాను. ఋతువుకు రెండేసి పేజీలు. వసంతంలో చిగుళ్ళు, కోయిల, గ్రీష్మంలో మామిడిపళ్ళు, వర్షఋతువులో కాగితం పడవలు, శరత్తులో వెన్నెల, హేమంతంలో మంచు, శిశిరంలో రాలే ఆకులు. అచ్చుకు పంపేముందు ఆ వూరి పిల్లలకు చదివి వినిపించాను. శ్రద్ధగానే విన్నారు. చివరికి ఆ పిల్ల లేచి, "అన్ని చెప్పిండ్రు గని సార్, సీజన్ చెప్పలేదేంది?" అన్నది.

"ఋతువంటేనే సీజనమ్మా" అని నవ్వాను.

"గది కాదు సార్. మా తాత పనికి పోయే సీజన్. ఇప్పుడు వస్తలేదు గద. మల్ల ఎప్పుడొస్తది?"

నేను జవాబు చెప్పలేదు. ఎమ్మే చదివిన పండితుణ్ణి కనుక, పిల్ల మాట సవరించబోయాను. సవరించుకోవలసింది నేనేనని ఇంటికి వచ్చిన తరువాత తెలిసింది.

చక్కెర సీమ ఎరగని పాఠకులకు ఆ మాట అర్థం చెప్పాలి. మంజీర నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయి, కాలువలకు నీరు వచ్చిన తరువాత ఇక్కడ చెరకు విస్తరించింది. 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోకెల్లా పెద్దదని వొకప్పుడు పేరు పొందింది. అప్పటినుంచి ఆ ప్రాంతంలో సీజన్ అంటే ఫ్యాక్టరీలో చెరకు ఆడే నెలలు. మిగిలిన నెలలు 'ఆఫ్ సీజన్'. ఆ నెలలకే పనిలోకి తీసుకునే కార్మికులు 'సీజనల్' కార్మికులు.

ఈ సీజనుకు ప్రకృతితో సంబంధం లేకపోలేదు. చెరకు పది పన్నెండు నెలలు పొలంలో వుంటుంది. చలి ముదిరి, గాలిలో తేమ తగ్గి, పగటి ఎండ నిర్మలంగా కాసే రోజుల్లో గడ పెరగడం తగ్గి, అందులో చక్కెర నిలవవుతుంది. నరికిన గడ నిలవ వుంటే రసంలోని చక్కెర విరిగిపోతుంది. ఎండ పెరిగినకొద్దీ నష్టం త్వరపడుతుంది. అందుచేత నరికేవాడూ, బండివాడూ, బాయిలరు దగ్గర నిలబడేవాడూ చలికాలంతో పోటీపడి పనిచెయ్యాలి. నేను మంచు కురిసిందని రెండు వాక్యాల్లో ముగించిన హేమంతం ఆ పిల్ల తాతకు రాత్రి షిఫ్టు. నేను ఆకులు రాల్చిన శిశిరం అతని ఇంట్లో బియ్యం వున్న కాలం.

ఇది నా పుస్తకంలోకి ఎందుకు రాలేదు? నేను ఋతువులను ఆకాశంనుంచి తీసుకోలేదు; సాహిత్యం నుంచి తీసుకున్నాను. మన ఆలంకారికులు మహాకావ్యానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో ఋతువర్ణన వొకటి. ఆ వర్ణనలో ఋతువును చూసేవాడికి సాధారణంగా పని వుండదు. అతడు మేడమీద వుంటాడు, లేదా ఉద్యానవనంలో వుంటాడు. వాన అతనికి విరహం, ఎండ అతనికి చందనం. ప్రబంధాలు పోయినా ఆ చూపు పోలేదు. అది పిల్లల పుస్తకాల్లోకి దిగి, నాయికా నాయకులను తొలగించి, వాళ్ళ స్థానంలో గొడుగు పట్టుకున్న అబ్బాయినీ, అమ్మాయినీ నిలబెట్టింది.

పనిచేసేవాళ్ళకు వేరే పంచాంగం వుండనే వున్నది. సూర్యుడు వొక్కొక్క నక్షత్రంలో వుండే పదమూడు, పద్నాలుగు రోజులకు వొక కార్తె చొప్పున, ఏడాదికి ఇరవైయేడు కార్తెలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. జూన్ రెండో వారం మొదట్లో మిరుగం వస్తే విత్తనం సంగతి ఆలోచిస్తారు. కార్తెలో అందం లేదని కాదు; అందులో ఆకాశమూ, చెయ్యవలసిన పనీ వొకేచోట వున్నవి. ఈ లెక్కను మనం పల్లెటూరి సామెతల కింద జమకట్టి, ఆరు ఋతువుల జాబితాను విజ్ఞానంగా పాఠం చెబుతున్నాం.

అయితే జాబితాలో లేని పనిని చేర్చితే పుస్తకం నిజమవుతుందా? నేనూ మొదట అంతే అనుకున్నాను. ఆ పిల్ల రెండో ప్రశ్న నన్ను అక్కడ ఆగనివ్వలేదు. మల్ల ఎప్పుడొస్తది?

2002లో ఆ ఫ్యాక్టరీలో అధికభాగం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో, అంటే సరిగ్గా చెరకు ఆడవలసిన రోజుల్లో, ఫ్యాక్టరీ మూతపడింది. ఆ సంవత్సరం కూడా చలి వచ్చింది. సూర్యుడు తన దారి తప్పలేదు. సీజన్ మాత్రం రాలేదు. ఋతువు రాకపోవడానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. సీజన్ రాకపోవడానికి సంతకాలు కావాలి. కాని ఆ ఇంట్లో రెంటికీ వొకటే మాట: వచ్చింది, పోయింది, వస్తలేదు. ఆరు నెలలు పనిలేకుండా కూర్చున్న మనిషిని 'సీజనల్' అన్నప్పుడే సగం అన్యాయం జరిగిపోయింది. అతని పస్తు అమావాస్యలాగా, వడగాలిలాగా, ఎవరూ చేయనిదిగా కనిపించసాగింది.

నా పుస్తకం ప్రకృతినుంచి మనిషిని తీసివేసింది. ఆ మాట మనుషులు చేసిన పనికి ప్రకృతి ముసుగు వేసింది. రెండు తప్పులకూ ఫలితం వొకటే. ఎవరూ చేయనిది ఏది, ఎవరో చేసినది ఏది అన్న భేదం పిల్లలకు తెలియకుండా పోతుంది. ఆ భేదం తెలియజెప్పడమే వాతావరణాన్ని గురించిన పిల్లల పుస్తకానికి మొదటి ధర్మమని నా అభిప్రాయం. వాన ఎందుకు కురుస్తుందో చెప్పాలి. ఆ వానలో వొక ఇల్లు కారి, పక్క ఇల్లు ఎందుకు కారదో అడిగే ధైర్యమూ ఇవ్వాలి. ముసురు పట్టిన దినాన బడిపిల్లవాడికి సెలవు దొరకవచ్చు. చుట్టిన బీడీలు ఆరక కూర్చున్న అతని తల్లికి అది కూలి తరిగిన దినం. మేఘం అందరిదీ, కూలి రేటు మేఘం నిర్ణయించలేదు.

ఈ గీత కూడా నేడు స్థిరంగా లేదు. మనుషుల చర్యలవల్ల భూమి వేడెక్కిందన్నది నిస్సందేహమని 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల మండలి ప్రకటించింది. రేకుల ఇంట్లో నిద్రపట్టని పిల్ల మీద పడుతున్న ఎండలో కొంత భాగం ఎక్కడెక్కడో దశాబ్దాలుగా మండిన బొగ్గుదీ, చమురుదీ. వాటిని మండించి లాభపడినవారిలో ఆమె తాత లేడు. 'గ్రీష్మంలో ఎండలు మెండు' అని మాత్రమే రాస్తే విజ్ఞానశాస్త్రం దృష్ట్యా కూడా చాలదు.

ఇక్కడ వొక ఆక్షేపణ రావచ్చు. పసివాళ్ళ నెత్తిన ఈ బరువులన్నీ ఎందుకు? వాళ్ళను వానలో ఆడుకోనివ్వరా? ఈ ఆక్షేపణలో సత్యం వున్నది. మనవాళ్ళు కొందరు పిల్లల కథలో మేఘాన్ని తెచ్చి, రెండో పేజీలోనే దానిచేత ఉపన్యాసం చెప్పిస్తారు. అదీ అబద్ధమే, పిల్లలు పసిగట్టి పుస్తకం మూసివేస్తారు. ఆశ్చర్యపడడం ధనికుల పిల్లల హక్కు మాత్రమే కాదు. దాన్ని కూలివాని బిడ్డనుంచి మనం సిద్ధాంతం పేరిట లాక్కోరాదు. కాని ఆ బరువు పిల్ల నెత్తిమీద పెట్టింది నేను కాదు. ఆమె దాన్ని మోస్తూనే నా దగ్గరికి వచ్చింది. ఎత్తుకున్నది ఏమిటో చెప్పకపోతే బరువు తగ్గదు.

ఆశ్చర్యమూ, పనీ కలిసి వుండగలవని చెప్పడానికి ఉదాహరణ వున్నది. సోవియట్ రచయిత విటాలీ బియాంకీ 1928లో 'అడవి పత్రిక' అనే పుస్తకం వెలువరించాడు. వసంతంతో మొదలై ఏడాది పొడుగునా ఋతువులు అందులో వార్తలుగా వస్తాయి. ఏ పక్షి తిరిగి వచ్చిందో, ఏ జంతువు ఎక్కడ దాక్కున్నదో విలేఖరి రాసినట్టు రాస్తాడు. తరువాతి కూర్పుల్లో సమష్టి క్షేత్రాల పనుల కబుర్లూ వాటి పక్కనే వున్నవి. పక్షి వార్త పనివార్తను చెరచలేదు. నేను చిన్నప్పుడు సోవియట్ బొమ్మల పుస్తకాల్లో, ఎన్నడూ చూడని మంచును చూసి మురిసిపోయినవాణ్ణే. మాస్కో మంచు ఎరిగిన నాకు, పది కోసుల దూరంలోని బోధను చలికాలం వాసన తెలియలేదు.

పుస్తకాన్ని అచ్చునుంచి వెనక్కు తెచ్చుకున్నాను. కోయిలను తీసివేయలేదు, కాగితం పడవలూ వున్నవి. హేమంతం పేజీలో గడలోకి తీపి ఎట్లా చేరుతుందో రాశాను. తరువాతి పేజీలో, తాత రాత్రి షిఫ్టుకు కంబళి కప్పుకొని వెళ్ళడం, వొక ఏడు వెళ్ళకపోవడం రాశాను. ఎందుకని మనవరాలు అడుగుతుంది.

ఆ వూరికి మళ్ళీ వెళ్ళాలి. వానాకాలం మళ్ళీ ఎప్పుడొస్తుందని ఆమె అడిగివుంటే మిరుగం అని వెంటనే చెప్పేవాణ్ణి. సీజన్ సంగతి అట్లా చెప్పడానికి వీల్లేదు. అది దానంతట అది రాదు, తల్లీ, మనుషులు ఆపారు, మనుషులే తేవాలి అని చెప్పాలి. తొమ్మిదేళ్ళ పిల్లకు ఈ జవాబు పెద్దదే కావచ్చు. ఆమె వేసిన ప్రశ్నకంటె పెద్దది మాత్రం కాదు.